చిట్టా, ఆవర్జా, కంప్యూటరు: ఓడరేవు లెక్కలలో ఆలస్యము

1933 అక్టోబరు 7వ తేదీన విశాఖపట్టణము రేవు ఓడలకు తెరువబడినది. 1976లో వెలుపలి రేవు దానికి తోడైనది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజము కొత్తవలస–కిరండూల్ రైలు మార్గమున దిగివచ్చి ఇచ్చట ఓడల కెక్కును. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకు కావలసిన కోకింగు బొగ్గులో అధికభాగము సముద్రము మీదనే రావలెను. ఇట్టి చోట వ్యాగనుకు ఒక పంక్తి చొప్పున తూకములు వ్రాసికొన్నచో పంక్తులు లక్షలకు చేరును. కాని అధికారికి కావలసినది పంక్తులు కాదు. ఏ యార్డులో ఎంత బొగ్గు ఉన్నదో తెలిసిన చాలును. ఆ సమాధానము కొన్ని గంటలు పాతదైనచో, నిండిన యార్డుకు వ్యాగనులు పోయి నిలిచిపోవును. గడువు దాటిన ఓడకు డెమరేజి చెల్లింపవలసి వచ్చును.

పూర్వము వర్తకుల దుకాణములలో రెండు పుస్తకము లుండెడివి. జరిగినది జరిగినట్లు వరుసగా వ్రాయునది చిట్టా. దానినుండి ఖాతాల వారీగా తీసి వ్రాయునది ఆవర్జా. బాకీ ఎంతయని ఎవరైన అడిగినచో చిట్టా అంతయు తిరుగవేయ నక్కరలేదు. ఆవర్జాలో ఒక పుట చూచిన చాలును. అయితే చిట్టాలోని పద్దులు ఎప్పటికప్పుడు ఎక్కింపనిచో ఆవర్జా అబద్ధమాడును.

కంప్యూటరులో ఈ రెండును పట్టికలే. 1970లో ఐ.బి.యం. శాస్త్రజ్ఞుడు ఇ. ఎఫ్. కాడ్ ప్రకటించిన వ్యాసమునుండి రిలేషనల్ డేటాబేసులు పుట్టినవి. వానిలో ఒక ప్రశ్నకు పేరు పెట్టి దాచుకొన్నచో అది ‘వ్యూ’. అడిగినపుడెల్ల దానికి లెక్క మొదటినుండి జరుగును. ప్రశ్నతోపాటు జవాబును కూడ దాచినచో అది ‘మెటీరియలైజ్డ్ వ్యూ’, అనగా ఆవర్జా. దానిని తాజా చేయుటయే ‘రిఫ్రెష్’. 1992 నాటి ఒరాకిల్ 7లో దీనిని స్నాప్‌షాట్ అనిరి. 1999లో 8ఐ తో నేటి పేరు వచ్చినది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2013లో చేరినది.

ఇక, యార్డు లెక్కను పది నిమిషముల కొకసారి తాజా చేయవలసి యుండగా, ఒక్కొక్క రిఫ్రెష్‌కు నలుబది నిమిషములు పట్టుచున్నదనుకొనుడు. పెద్ద యంత్రము కొనవలెనని వెంటనే తోచును. అది తొందరపాటు. మొదట ఆ ప్రశ్నను విడిగా నడిపి కాలము చూడవలెను. ప్రశ్నకే నలుబది నిమిషములు పట్టినచో దోషము లెక్కించుటలో నున్నది. రెండు నిమిషములలో ముగిసినచో లెక్క సరియే. ఆలస్యము వ్రాయుటలోనో, ఎవరికొరకో వేచియుండుటలోనో ఉన్నది.

లెక్కించుటలో దోషమైనచో అడుగవలసిన దొకటే: ఆవర్జాలో కొత్త పద్దులు మాత్రమే ఎక్కుచున్నవా, లేక పుస్తకము చింపి మొదటినుండి వ్రాయబడుచున్నదా? ఒరాకిల్‌లో ‘ఫోర్స్’ అను ఏర్పాటు కలదు. వీలైనచో మార్పులను మాత్రమే ఎక్కించును. వీలుకానిచో నోరెత్తక మొత్తము తిరుగవ్రాయును. ఆ మౌనమే చిక్కు తెచ్చును. పోస్ట్‌గ్రెస్‌లోని రిఫ్రెష్ ఆదేశమైతే ఎప్పుడును మొత్తము లెక్కించునదే.

మార్పులను మాత్రమే ఎక్కించుట ఎప్పుడు వీలగును? ఇది పాఠశాల గణితమే. ఒక యార్డుకు 58, 61, 60 టన్నుల మూడు వ్యాగనులు వచ్చినవి. మొత్తము 179, సంఖ్య 3. నాల్గవది 62 టన్నులతో రాగా మొత్తము 241, సంఖ్య 4. పాత పంక్తులు చూడ నక్కరలేదు. 61 తప్పు, 59 అని దిద్దినచో రెండు తీసివేసి 239 అందుము. సరాసరి విషయ మట్లు కాదు. సరాసరి ఒక్కటే దాచినచో కొత్త పద్దును దానిలో కలుపలేము. మొత్తమును, సంఖ్యను కూడ దాచవలెను. వేగముగా తాజా కావలసిన వ్యూలో సంఖ్యను కూడ ఉంచుమని ఒరాకిల్ పట్టుపట్టుట ఇందుకే. మొత్తము సున్న అయినపుడు పద్దులే లేవో, ఉన్నవన్నియు సున్నలో తెలుపునది కూడ ఆ సంఖ్యయే. అన్నిటిలో బరువైన వ్యాగను ఏదన్న ప్రశ్న మరింత మొండిది. 62 వచ్చినపుడు పోల్చి వ్రాసికొందుము. ఆ 62 పద్దు కొట్టివేయబడినచో? తరువాతి పెద్ద సంఖ్య 60 అని తెలియుటకు మిగిలిన వానినన్నిటిని మరల చూడక తప్పదు.

పద్దులు జతపరచుటలోను ఒక చిక్కు కలదు. వ్యాగను పంక్తిలో యార్డు సంఖ్య మాత్ర ముండి, యార్డు పేరు వేరొక పట్టికలో నుండును. ఒక యార్డు పేరు మారినచో దాని వ్యాగనులన్నిటిని వెదకి పట్టవలెను. యార్డు సంఖ్యపై ఇండెక్సు, అనగా గ్రంథము చివరి పదసూచిక వంటిది, లేనిచో ఆ ఒక్క మార్పునకై లక్షల పంక్తులు తిరుగవేయబడును.

వ్రాయుటలో ఆలస్యమునకు కారణములు వేరు. ఒరాకిల్ మొత్తము తిరుగవ్రాయునపుడు సాధారణముగా పాత పంక్తులను ఒక్కొక్కటిగా కొట్టివేసి, మధ్యలో పని చెడినచో వెనుకకు మరలుటకై వాని జ్ఞాపకము కూడ ఉంచుకొనును. పట్టికను ఒక్క ఊపున తుడిచివేయు మార్గము కూడ కలదు, మిక్కిలి వేగము. కాని తిరిగి నిండువరకు పట్టిక శూన్యముగా కనబడును. ఆ క్షణమున చూచిన అధికారి బొగ్గే లేదనుకొనును! ఇట్టి పద్ధతి ఎవరును చూడని రాత్రివేళకు మాత్రమే తగును.

పోస్ట్‌గ్రెస్‌లో రిఫ్రెష్‌కు పట్టిక పూర్తిగా తన వశము కావలెను. ఎవరో సుదీర్ఘమైన నివేదిక చదువుచున్నచో అది ముగియువరకు రిఫ్రెష్ గుమ్మము వద్ద నిలుచును. దాని వెనుక తక్కిన పాఠకులు బారులు తీరుదురు. 2014లో వచ్చిన ‘కంకరెంట్లీ’ పద్ధతిలో పాఠకులకు ఆటంకము లేదు. దానికి ప్రతి పంక్తిని వేరుగా గుర్తింపగల యూనిక్ ఇండెక్సు కావలెను. అది పని తగ్గించు నుపాయమని కొందరు భ్రమపడుదురు. నిజమునకు లెక్క అంతయు జరిగిన పిదప పాత, కొత్త జవాబులను పోల్చు పని అదనము.

మార్పులు మాత్రమే ఎక్కుచున్నను ఆలస్య మగుచున్నచో ‘లాగ్’ అను మార్పుల చిట్టాను చూడవలెను. ఒకే లాగ్‌పై రెండు వ్యూలు ఆధారపడి యుండవచ్చును. ఒకటి వాడుక తప్పి నెలల తరబడి తాజా కాలేదనుకొనుడు. దానికై వేచియున్న పద్దులను ఒరాకిల్ చెరపదు. లాగ్ పెరిగిపోవును, రెండవ వ్యూ ప్రతిసారియు ఆ గుట్టలోనే తన పద్దులు ఏరుకొనవలెను. వాడుకలేని వ్యూ నమోదును తొలగించినచో లాగ్ శుభ్రపడును. కాని పద్దులు పోయినను అవి ఆక్రమించిన చోటు తనంతట ముడుచుకొనదు గనుక, ఆ చోటును కూడ కుదింపవలెను. లాగ్ ఖాళీగా నున్నపుడు తీసిన అంచనాలు యంత్రము వద్ద మిగిలియున్నచో, అది పెద్ద లాగ్‌ను చిన్నదనుకొని తప్పు మార్గము పట్టును. వానిని నిండుగా నున్నవేళ మరల తీయించవలెను.