వడ్డీ లేని బ్యాంకు: మిత్ గమ్ర్ ప్రయోగం

స్టార్టప్ అనగానే హైటెక్ సిటీ, కంప్యూటర్లు, కోట్ల పెట్టుబడులు గుర్తుకొస్తాయి. అయితే కొత్త ఆలోచనను చిన్నగా మొదలుపెట్టి, చేస్తూ నేర్చుకుంటూ, దారి దిద్దుకుంటూ పెంచడమే స్టార్టప్ అయితే, అలాంటి ప్రయత్నం 1963లోనే ఈజిప్టులో జరిగింది. నైలు డెల్టాలోని మిత్ గమ్ర్ పట్టణంలో ఆర్థికవేత్త డాక్టర్ అహ్మద్ అల్ నజ్జార్ ఒక చిన్న పొదుపు బ్యాంకు ప్రారంభించారు.

ఆయన జర్మనీలో చదువుకున్నారు. అక్కడి స్థానిక పొదుపు బ్యాంకుల్లో ఊరి డబ్బు ఊరికే ఉపయోగపడడం ఆయనకు నచ్చింది. కానీ అవి వడ్డీతో నడిచేవి. ఈజిప్టు పల్లెల్లో వడ్డీ హరామ్ అని చాలామంది బ్యాంకు గడప తొక్కేవారు కాదు. అందుకే ఆయన జర్మనీ పద్ధతిని తీసుకుని, వడ్డీని వదిలేశారు.

మరి వడ్డీ లేకుండా బ్యాంకు ఎలా నడుస్తుంది? అక్కడ మూడు ఏర్పాట్లు ఉండేవి. మొదటిది పొదుపు ఖాతా. దీనిపై లాభం రాదు. అవసరమైనప్పుడు వడ్డీ లేని చిన్న అప్పు దొరుకుతుంది. రెండోది పెట్టుబడి ఖాతా. ఈ సొమ్ము వ్యాపారంలోకి వెళ్తుంది, ఖాతాదారుకు లాభనష్టాల్లో వాటా ఉంటుంది. మూడోది జకాత్, విరాళాల నిధి. అది నిరుపేదల కోసం.

ఆనాటి రాజకీయ పరిస్థితుల్లో బ్యాంకు పేరులో ఇస్లామ్ అనే మాట పెట్టుకోలేదు. పేరు విషయంలో సర్దుకున్నారు గాని, నియమం విషయంలో సర్దుకోలేదు.

నాలుగేళ్లలో శాఖలు తొమ్మిదికి పెరిగాయి. 1967లో బ్యాంకు ప్రభుత్వ బ్యాంకుల చేతుల్లోకి వెళ్లి, ప్రయోగం ఆగిపోయింది. కానీ ఆలోచన ఆగలేదు. 1971లో ఈజిప్టు ప్రభుత్వమే వడ్డీ లేని నాసర్ సోషల్ బ్యాంకును స్థాపించింది. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది.

దాతలకు ఇందులో పనికొచ్చే విషయం ఉంది. తోపుడు బండి వ్యాపారికి 10,000 రూపాయలు ఖర్జె హసనగా ఇచ్చామనుకోండి. నెలకు 1,000 చొప్పున తిరిగి కడితే, పది నెలల్లో అదే సొమ్ము మరో కుటుంబానికి చేరుతుంది. వాయిదా వారానికా, నెలకా? హామీ ఎవరిది? ఇవన్నీ పదిమందితో మొదలుపెట్టి, చూసి మార్చుకోదగినవి. మార్చకూడనివి రెండు. అప్పుపై ఒక్క రూపాయి కూడా అదనంగా తీసుకోకూడదు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం జకాత్ సొమ్ము పేదవారి సొంతం కావాలి గనుక, అప్పుల నిధిని సదఖా, సాధారణ విరాళాలతోనే నడపాలి.

కాబట్టి విరాళం ఇచ్చేటప్పుడు అది జకాతా, సదఖానా అన్నది స్పష్టంగా రాయించండి. ఏడాది చివర ఎంత సొమ్ము తిరిగొచ్చింది, ఎంత రాలేదు అని లెక్క అడగండి. కట్టలేకపోయినవారి సంగతి తెలుసుకుంటేనే వచ్చే ఏడాది పద్ధతిని సరిదిద్దుకోగలం.