రక్తములో క్రొవ్వు కరగు విధము

గత సంక్రాంతి మరునాడు మా యుపాధ్యాయులలో నొకరు నేతి యరిసెలు భుజించి, వెంటనే పరీక్షకై నెత్తురిచ్చిరి. నెత్తురు గడ్డకట్టిన పిమ్మట పైన తేలు రసము లేత పసుపువన్నెతో తేటగా నుండవలసినది, పలుచని పాలవలె నుండెను. మరునాడు పరగడుపున రమ్మనిరి. ఆ రాత్రి వారికి నిద్రలేదు. రెండవమారు రసము తేటగానే యుండెను. ఆ పాలెచటికి బోయెనని విద్యార్థు లడిగిరి గనుక ఈ సంగతి వ్రాయుచున్నాము.

నేయి నీటిలో కలియదు. రక్తమందలి రసము చాలవరకు నీరే. కావున చిన్న ప్రేవులు క్రొవ్వును సూక్ష్మ బిందువులుగా జేసి, మాంసకృత్తులతో గూడిన పొర తొడిగి పంపును. ఇవి కైలోమైక్రానులు, లైపోప్రోటీనులలో మిక్కిలి పెద్దవి. రసమును తెల్లబరచునవి యివియే.

2008వ సంవత్సరము మార్చి నెలలో మన శంషాబాదున విమానాశ్రయము తెరచిరి. విమానము బజారులోనికి రాదుగదా! ఒకచోట నిలిచి సరకు దింపించుకొనును. అట్లే యీ బిందువులు కండరములలోని సన్నని కేశనాళికల గోడలయొద్ద నిలుచును. అచట లైపోప్రోటీను లిపేజు అను ఎంజైము గోడనంటుకొని వేచియుండి, క్రొవ్వును విడగొట్టి కణముల కందించును. 1943లో హాన్ అను శాస్త్రజ్ఞుడు, క్రొవ్వు తినిన కుక్కలకు హెపారిను ఎక్కించినచో పాలవంటి రసము తేటపడుటను గనెను. హెపారిను ఆ యెంజైమును గోడనుండి విడిపించి రక్తములోనికి దెచ్చునని తరువాత దెలిసినది.

అయితే ఎంజైము ఎదుట నున్నంతమాత్రమున పని జరుగదు. 1955లో కోర్న్ అను నతడు కొబ్బరినూనె నురుగును దాని కొసగగా అది యంతగా ముట్టదయ్యెను. అదే నూనెను రక్తరసముతో కలిపి యొసగగా చక్కగా విడగొట్టెను! రసములోని లైపోప్రోటీను నూనె కేదియో చేర్చెనన్నమాట. అది సి-2 అను చిన్న మాంసకృత్తు. పరగడుపున నది హెచ్.డి.ఎల్. అను చిన్న లైపోప్రోటీనుల యొద్ద దాగియుండి, భోజనానంతరము క్రొత్త బిందువులపైకి మారును. వాని క్రొవ్వు తరిగిన పిమ్మట మరల తొంటి చోటికి జేరును. మన ఇరుగుపొరుగుల కవ్వమువలె చేతులు మారుచుండును. దీని తోబుట్టువువంటి సి-3 మాత్రము ఎంజైమును నిరోధించును.

సి-2 లేనిచో నేమగును? 1978లో కెనడాలోని టొరంటో వైద్యులు అట్టి రోగి నొకని గూర్చి ప్రకటించిరి. అతని రక్తము క్రొవ్వుతో నిండియుండెను. ఇట్టి స్థితిలో క్లోమము వాచి ప్రాణాపాయము కలుగవచ్చును. ఇతరుల రక్త మెక్కింపగా అందలి సి-2 చేత క్రొవ్వు శీఘ్రముగా తగ్గెను. ఎంజైము అతనియందు మొదటినుండియు నున్నదే! కాని యెక్కించిన సి-2 కొలదికాలమే నిలుచును. ఎంజైమే లేక జన్మించిన శిశువుల కిట్టి యుపాయమును పనికిరాదు. వారికి క్రొవ్వు మిక్కిలి తగ్గించిన ఆహారమే శరణ్యము.

మా మిత్రునికి రెండును గలవు. ఈ యేడు పరీక్ష ముగిసిన పిదపనే యరిసెలు తిందురట.