చేపల తొట్టికి మట్టి గుహ

తణుకులో మెత్తని ఒండ్రు మట్టికి కొదవేముంది! అక్వేరియంలోకి చిన్న గుహో, వంతెనో మనమే చేసుకుంటే పిల్లలకీ సరదా. అయితే బొమ్మ చేసి, ఎండబెట్టి, నేరుగా నీళ్లలో పెట్టేస్తే మాత్రం శ్రమంతా దండగే. ఎండిన మట్టి నీళ్లు తగిలితే మళ్లీ బురదే కదా! ఆ సన్నటి మట్టి మొప్పల్లో పేరుకుంటే చేపలకు ఊపిరాడదు.

'వంటింట్లో ఓవెన్ ఉందిగా, అందులో కాల్చేద్దాం' అంటారా? కుదరదు. మట్టి నీళ్లకు కరగకుండా ఉండాలంటే కనీసం 600 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇంటి ఓవెన్లు 250 దగ్గరే ఆగిపోతాయి. అది కుమ్మరి ఆవంలో జరగాల్సిన పనే. కార్తీకానికి ప్రమిదలు కాల్చే రోజుల్లో అడిగి చూడండి, చోటుంటే మీ బొమ్మా పెడతారు.

మట్టి కూడా వాళ్ల దగ్గరే తెచ్చుకుంటే మేలు. పొలం మట్టిలో ఎరువులు, పురుగుమందులు కలిసి ఉంటాయి. చెరువు మట్టిలో నత్తగుల్లల ముక్కలుంటే ఏరేయండి. అవి ఆవంలో కాలి సున్నమై, తర్వాత తడి తగిలితే ఉబ్బి బొమ్మను పగలగొడతాయి.

గోడలు అరంగుళం మించకూడదు. గుహ ద్వారం చేప హాయిగా తిరిగొచ్చేంత పెద్దదైనా ఉండాలి, తల పట్టనంత చిన్నదైనా ఉండాలి. మధ్యస్తంగా ఉంటే ఇరుక్కుంటుంది. అంచుల్ని తడిగుడ్డతో నున్నగా రుద్దండి. గోల్డ్ ఫిష్ తోకలు పట్టు పరికిణీల్లాంటివి, ఏది తగిలినా చిరుగుతాయి. ఆపైన నీడన వారం పది రోజులు ఆరాలి. తడి మిగిలితే ఆవంలో బొమ్మ పేలుతుంది, పక్కనున్న వాళ్ల కుండలకూ చేటు.

రంగుల జోలికి వెళ్లొద్దు. మెరుపు పూతల్లో సీసం, రాగి ఉండొచ్చు. రాగి కాస్త కలిసినా తొట్టిలోని నత్తలు బతకవు. రంగులేసిన చవితి వినాయకుణ్ణీ, కొలువు బొమ్మల్నీ అందులో పెట్టకండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా నీళ్లలో మెల్లగా కరుగుతుంది. అయినా పచ్చని నాచు మధ్య కాలిన మట్టి ఎరుపు కన్నా అందమైన రంగేముంది?

కాలి వచ్చిన బొమ్మను వేలితో కొడితే ఖంగుమనాలి. సబ్బుతో కడగొద్దు, మట్టి పీల్చేసుకుంటుంది. బకెట్లో వారం నానబెట్టి, రోజూ నీళ్లు మార్చండి. నీళ్లు తేటగా ఉంటేనే తొట్టిలోకి.

ఇంత ఓపిక లేదంటారా? రంగు వేయని కొత్త మట్టి ముంత ఒకటి కొని, అలాగే నానబెట్టి, తొట్టిలో పక్కకి వాల్చి పెట్టండి. నూనె పీల్చిన పాత ప్రమిదలు మాత్రం వద్దు.