పదిహేనేళ్లు నిండినా... పెద్దమనిషి కాకపోతే!

తోటి పిల్లలంతా ఎప్పుడో పెద్దమనుషులయ్యారు. ఈ అమ్మాయికీ ఒంట్లో మార్పులన్నీ వచ్చాయి, నెలసరి తప్ప. 'మా ఇంట్లో అందరికీ ఆలస్యమేలే' అని అమ్మమ్మ సర్దిచెబుతుంది. నిజమే కావచ్చు. కానీ కొందరిలో అసలు కారణం వేరే ఉంటుంది... ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్. దీన్ని వివరించిన నలుగురు వైద్యుల పేర్ల పొడి అక్షరాలవి. పుట్టుకతోనే గర్భసంచి, యోనిమార్గం లేకపోవడమో, సరిగా ఎదగకపోవడమో దీని లక్షణం. సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఈ సమస్య ఉంటుంది.

అమ్మ కడుపులోనే...

గర్భస్థ శిశువులో ముల్లేరియన్ నాళాలని రెండుంటాయి. ఆడబిడ్డల్లో వాటి కింది భాగాలు కలిసిపోయి గర్భసంచి, యోని పైభాగం తయారవుతాయి. అవి కలవకపోతే జంట గర్భసంచులు. కలిసినా మధ్యగోడ కరగకపోతే గర్భసంచిలో అడ్డుపొర. నాళాల ఎదుగుదలే ఆగిపోతే ఎంఆర్‌కేహెచ్. అండాశయాలు వీటినుంచి పుట్టవు కాబట్టి అవి మామూలుగానే పనిచేస్తాయి. అందుకే బయటికి ఏ తేడా కనిపించదు. గ్రహణం నాడు తల్లి బయటికి రావడం వల్ల వచ్చేది కాదిది!

ఎప్పుడు చూపించాలి?

పదిహేనేళ్లకీ రజస్వల కాకపోతే గైనకాలజిస్టును కలవాలి. నెలనెలా కడుపునొప్పి వస్తూ రక్తస్రావం కాకపోతే అప్పటిదాకా కూడా ఆగొద్దు. కన్నెపొర మూసుకుపోయి రక్తం లోపలే నిలిచిపోతుండవచ్చు. చిన్న ఆపరేషన్‌తో అది సరైపోతుంది. ఎంఆర్‌కేహెచ్ అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ, క్రోమోజోమ్ పరీక్షలు చేస్తారు. కొందరికి ఒక కిడ్నీయే ఉంటుంది కాబట్టి వాటినీ చూస్తారు.

పెళ్లి, పిల్లలు?

డైలేటర్లనే సాధనాలతో చాలామందిలో ఆపరేషన్ లేకుండానే యోనిమార్గాన్ని సరిచేయవచ్చు. దాంపత్య జీవితానికి అడ్డుండదు. అమ్మాయి మానసికంగా సిద్ధపడ్డాకే ఈ చికిత్స మొదలుపెట్టాలి. అండాలు విడుదలవుతాయి కాబట్టి ఐవీఎఫ్, సరోగసీ ద్వారా సొంత బిడ్డను పొందొచ్చు. గర్భసంచి లేనివారికి మన దేశంలో 2021 నాటి చట్టం షరతులతో సరోగసీని అనుమతిస్తోంది. డబ్బిచ్చి చేయించుకోవడం మాత్రం నేరం. 2014లో స్వీడన్‌లో గర్భసంచి మార్పిడి చేయించుకున్న మహిళ బిడ్డను కన్నారు. ఆమెకూ పుట్టుకతో గర్భసంచి లేదు.

'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అనుకుంటూ విషయం దాచి మూడుముళ్లు వేయించడమే అసలు ప్రమాదం. ఆపైన నింద మోయాల్సింది ఆ అమ్మాయే. ముందే తెలిస్తే వైద్యం గురించైనా, పెళ్లి గురించైనా నిర్ణయం తనే తీసుకోగలుగుతుంది.