అందరూ ఉన్నారు, ఎవరూ చూడలేదు

మెమోరియల్ డే, జూలై 4, లేబర్ డే. అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే ఈ సెలవులకి మన తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి ఎక్కడికో ఒకచోటికి బయలుదేరడం మామూలే. పులిహోర, గోంగూర పచ్చడి, రైస్ కుక్కర్ వ్యాన్లో సర్దుతుండగానే పిల్లలు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అక్కడ పూల్ ఉందా?"

కొన్నేళ్ళ క్రితం మేము ఐదు కుటుంబాలవాళ్ళం ఆర్లాండో దగ్గర ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నాం. హాల్లోంచి గాజు తలుపు తీసి నాలుగడుగులు వేస్తే ఈతకొలను. ఆ తలుపు తీసినప్పుడల్లా అలారం కీచుమని మోగేది. మొదటిరోజు సాయంత్రానికే అందరికీ విసుగొచ్చింది. కుర్చీ ఎక్కి దాని బ్యాటరీ పీకేసింది నేనే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి రప్పించి, చేతులకున్న గాలి పట్టీలు తీసేసి, తుడిచి లోపలికి పంపేశాం. పెద్దవాళ్ళం ఆరుగురం ఇంకా కొలను చుట్టూనే ఉన్నాం. ఒకరు గ్రిల్ దగ్గర, ఇద్దరు ఫోన్లలో, మిగిలినవాళ్ళం గ్రీన్ కార్డుల కబుర్లలో. ఇంతలో వంటింటి కిటికీలోంచి, తెనాలి నుంచి వచ్చిన మా స్నేహితుడి అమ్మగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, ఆ పిల్లాడేమిట్రా, నీళ్ళలో నిలబడి ఆకాశంలోకి చూస్తున్నాడు?"

ఆ పిల్లాడు మా తమ్ముడి కొడుకు. నాలుగేళ్ళవాడు. బంతి కోసం మళ్ళీ వచ్చాడు. వాడు నిలబడిలేడు. అక్కడ లోతు ఐదడుగులు. మా తమ్ముడు బట్టలతోనే దూకి బయటికి తీశాడు. వాడు దగ్గాడు, కక్కాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే మాకు ప్రాణం లేచొచ్చింది. దగ్గు తగ్గకపోవడంతో ఆసుపత్రికి తీసుకెళితే కొన్ని గంటలు ఉంచుకుని, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయని పంపించారు. నేను వాడికి పదిహేనడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాను. నాకు ఏ చప్పుడూ వినపడలేదు.

ఎందుకు వినపడలేదో ఆ తరువాత చదివి, క్లాసులకి వెళ్ళి తెలుసుకున్నాను. ఆ సంగతులే ఈ వ్యాసం.

మునిగేవాళ్ళు అరవరు

సినిమాల్లో నీళ్ళలో పడ్డవాళ్ళు చేతులు ఊపుతూ "రక్షించండి" అని కేకలు పెడతారు. నిజంగా మునిగిపోయేవాళ్ళు అలా చెయ్యలేరు. న్యూయార్క్ ఆర్చర్డ్ బీచ్‌లో చాలా ఏళ్ళు లైఫ్‌గార్డుగా పనిచేసిన ఫ్రాంక్ పియా ఈ విషయాన్ని గమనించి వివరించారు. మునిగే మనిషి నోరు నీటిపైకి వచ్చేది క్షణకాలమే. ఉన్న ఊపిరి వదిలి కొత్తది పీల్చుకోవడానికే ఆ సమయం చాలదు, ఇక అరుపెక్కడిది? చేతులు వాటంతటవే పక్కలకి చాచుకుని నీటిని కిందికి నొక్కుతాయి గానీ పైకెత్తి ఊపడానికి రావు. ఒళ్ళు నిటారుగా ఉంటుంది, కాళ్ళు ఆడవు. తల వెనక్కి వాలి, నోరు తెరుచుకుని ఉంటుంది. దూరం నుంచి చూస్తే పెద్దావిడ అన్నట్టు, ఆకాశంలోకి చూస్తున్నట్టే ఉంటుంది. ఇలా పైన ఉండేది 20 నుంచి 60 సెకన్లు. ఫోనులో ఒక మెసేజ్ చదివి జవాబు రాసేంత సేపు.

ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమేనని సీడీసీ చెబుతోంది. ఆ వయసు పిల్లల్లో చాలామంది, ఈత సమయం అయిపోయిందనో ఇంకా మొదలవలేదనో పెద్దవాళ్ళు అనుకుంటున్న వేళల్లోనే నీళ్ళ దగ్గరికి చేరుతున్నారు. మా పిల్లాడూ అంతే.

చెంబెడు పాల కథ

రాజుగారు ఊరందరినీ తలా ఒక చెంబు పాలు తెచ్చి రాత్రికి గుండంలో పొయ్యమంటే, "అందరూ పాలే పోస్తారు, నా ఒక్కడి నీళ్ళు ఎవరికి తెలుస్తాయిలే" అని ఒక్కొక్కరూ అనుకున్నారట. తెల్లారేసరికి గుండం నిండా నీళ్ళే. కొలను పక్కన కూర్చున్న పదిమంది పెద్దవాళ్ళ సంగతీ ఇదే. తల్లి ఒక్కతే ఉన్నప్పుడు కన్ను తిప్పదు. అదే పదిమంది ఉంటే "అందరూ ఉన్నారు కదా" అని తనూ కాస్త నడుం వాలుస్తుంది. తప్పు ఎవరిదీ కాదు, కానీ కాపలా ఉండదు.

దీనికి మందు సులువే. పేరు పెట్టి ఒక్కరికి అప్పగించడం. మా బృందానికి ఇప్పుడు ఒక ఎర్ర టోపీ ఉంది. అది ఎవరి నెత్తి మీద ఉంటే వాళ్ళదే పదిహేను నిమిషాల కాపలా. టోపీ ఉన్నంతసేపూ ఫోన్ ముట్టరు, బీరు ముట్టరు, గ్రిల్ దగ్గరికి వెళ్ళరు, తలలు లెక్కపెడుతూ ఉంటారు. అప్పగించేటప్పుడు "బావా, ఇక నువ్వు చూడు" అంటే చాలదు. "సరే, నేను చూస్తున్నాను" అని అవతలివాళ్ళు పైకి అనాలి. టోపీ పెట్టుకునేవాళ్ళకి ఈత వచ్చి ఉంటే మేలు. పదేళ్ళ అక్కకో, మోకాళ్ళ నొప్పులున్న తాతగారికో ఈ పని అప్పజెప్పకండి. ఈత రాని చిన్న పిల్లలు నీళ్ళలో ఉంటే టోపీ ఒక్కటే సరిపోదు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దవాళ్ళు నీళ్ళలోనే ఉండాలి.

దిగీ దిగగానే చూసుకోవలసినవి

ఫ్లోరిడాలో 2000 అక్టోబరు తరువాత కట్టిన ఇళ్ళ కొలనులకి కంచె గానీ, కప్పు గానీ, తలుపులకి అలారాలు గానీ, తమంతట తామే మూసుకుని గడియ పడే తలుపులు గానీ, ఏదో ఒక రక్షణ ఉండాలని చట్టం ఉంది. అంటే నేను పీకేసిన ఆ అలారమే ఆ ఇంట్లో పిల్లలకీ నీళ్ళకీ మధ్య ఉన్న ఒకే ఒక్క అడ్డు. మోగనివ్వండి. అన్నిటికన్నా మేలైనది కొలనుకి నాలుగువైపులా కనీసం నాలుగడుగుల ఎత్తున్న కంచె. ఇల్లు బుక్ చేసే ముందే అది ఉందా అని అడగండి.

హోటళ్ళలో చాలాచోట్ల లైఫ్‌గార్డు లేరని బోర్డు పెట్టి ఉంటుంది. అక్కడ లైఫ్‌గార్డులు మనమే. చేతులకి వేసే గాలి పట్టీలు ఆటవస్తువులే తప్ప రక్షణ కాదు. కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్టే కొనండి. నీలం రంగు ఈత బట్టలు నీళ్ళలో కలిసిపోతాయి, నారింజ లాంటి ముదురు రంగులు కంటికి ఆనుతాయి. ఈత అయ్యాక బంతులూ బొమ్మలూ నీళ్ళలోంచి తీసెయ్యండి.

అడుగున నీళ్ళు బయటికి పోయే తూము మూత విరిగి ఉంటే ఎవరినీ దిగనివ్వకండి. 2002లో మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ గారి ఏడేళ్ళ మనవరాలు హాట్ టబ్ తూము లాగిన లాగుడికి అతుక్కుపోయి ప్రాణాలు కోల్పోయింది. ఆ పాపకి ఈత బాగా వచ్చు. ఆమె పేరు మీద 2007లో వచ్చిన చట్టం ప్రకారం పబ్లిక్ కొలనుల్లో ఇలా పట్టేయని మూతలు తప్పనిసరి.

కాస్త పెద్ద పిల్లలు నీటి అడుగున ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబడతారో పందెం వేసుకుంటే ఆపండి. ముందుగా గబగబా గాలి పీల్చి దిగితే ఊపిరాడని బాధ తెలియకుండానే స్పృహ తప్పవచ్చు. ఇక, పిల్లలు ఎవరైనా కనిపించకపోతే ముందు కొలనులో చూసి, ఆ తరువాతే మంచాల కింద వెతకండి.

జరగరానిది జరిగితే

పిల్లల్ని తలకిందులు చెయ్యడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం సినిమాల్లో చూసిందే. అది చెయ్యకండి, విలువైన నిమిషాలు పోతాయి. స్పృహ లేక, ఊపిరి ఆడకపోతే ఒకరు 911కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. గుండెపోటుతో కుప్పకూలిన పెద్దవాళ్ళకి ఛాతీ నొక్కితే చాలని వినే ఉంటారు. నీళ్ళలో మునిగినవాళ్ళకి అది చాలదు, ఎందుకంటే వాళ్ళకి లేనిది గాలి. ముందు నోటితో రెండు ఊపిరులు ఊది, ఆపైన 30 సార్లు ఛాతీ నొక్కడం, రెండు ఊపిరులు ఊదడం, సహాయం వచ్చేవరకూ ఇదే వరస. రెడ్ క్రాస్ వాళ్ళ క్లాసులో బొమ్మ మీద ఒకసారి చేసి చూస్తే చెయ్యి గుర్తుంచుకుంటుంది. బతికి బయటపడ్డ పిల్లలు ఆగకుండా దగ్గుతున్నా, ఊపిరి బరువుగా తీస్తున్నా, మగతగా ఉన్నా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

చివరిగా ఒక మాట. మా నాన్నగారి తరం నడుముకి బెండ్లు కట్టుకుని చేలో బావిలో ఈత నేర్చుకుంది. నగరాల్లో ట్యూషన్ల మధ్య పెరిగిన మనలో చాలామందికి ఆ విద్య రాలేదు. పిల్లలకి ఏడాది నిండాక ఈత పాఠాలు మేలు చేస్తాయని ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. పాఠాలు కాపలాకి బదులు మాత్రం కావు. వాళ్ళతో పాటు మనమూ చేరవచ్చు. నేను నలభై రెండో ఏట వైఎంసీఏలో చేరాను, మొదటిరోజు నా పక్కన మునిగి తేలినవాడు మా తమ్ముడే.

ఈసారి ప్రయాణానికి ఎవరు పులిహోర తేవాలి, ఎవరు పెరుగు తేవాలి అని రాసుకునే కాగితం మీదే ఇంకో వరస రాసుకోండి: ఏ వేళకి నీళ్ళ దగ్గర ఎవరు.