చెర్రీ పూలు ముందుగా పూయుటేల?

జపాను దేశపు క్యోటో నగరములో చెర్రీ చెట్లు పూచుట ఒక పండుగ. చక్రవర్తులు, ప్రభువులు, బౌద్ధ భిక్షువులు ఆ పూల వేడుకల తేదీలను తమ దినచర్యలలో వ్రాసి ఉంచిరి. 9వ శతాబ్దము నుండి దొరకిన ఆ వ్రాతలను యసుయుకి అవోనో అను శాస్త్రజ్ఞుడు ఒకచోట చేర్చెను. వానిని బట్టి చూడగా, శతాబ్దముల తరబడి పూలు సాధారణముగా ఏప్రిల్ నడిమి దినములలో విరియుచుండెడివి. 2021లో మార్చి 26 నాటికే నిండుగా విరిసినవి. అంతకు పూర్వము మిక్కిలి ముందుగా పూచినది 1409లో, మార్చి 27న.

దీనికి కారణమేమి? చెర్రీ మొగ్గ అంతకు ముందటి వేసవిలోనే ఏర్పడి, చలికాలము రాకమునుపే నిద్రలో పడును. కొన్ని వారములు చలి తగిలినగాని ఆ నిద్ర వీడదు. వీడిన పిమ్మట, దినదినము అందు వెచ్చదనము ఒక మేరకు కూడగనే మొగ్గ విచ్చును. భూగోళము వేడెక్కుటచే ఆ మేర త్వరగా నిండుచున్నది. నగరపు వేడియు దానికి తోడైనది.

అట్లయిన వేడి పెరిగిన కొలది పూత ఇంకను ముందునకు జరుగునా? అట్లని చెప్పరాదు. చలి చాలని యేట మొగ్గ సరిగా మేల్కొనదు. పూత ఆలస్యమగును, పలుచబడును. ఆపిల్ చెట్టుకును ఇదే ధర్మము. మన హిమాచల ప్రదేశములో ఆపిల్ తోటలు క్రమముగా మరింత ఎత్తయిన చోట్లకు తరలిపోవుటకు చలి తగ్గుటయు ఒక కారణము.