బండి గొంతు సవరిద్దామా!

నాన్న బండి వీధి మలుపు తిరిగిందంటే చాలు... ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. అమ్మమ్మ లేచి తలుపు గడియ తీస్తుంది. పిల్లలు టీవీ కట్టేసి పుస్తకాలు ముందేసుకుంటారు. అంతగా అలవాటైన చప్పుడు అది. అలాంటిది, నిన్నటిదాకా ‘డుగు డుగు’మన్న బండి ఓరోజు ఉన్నట్టుండి ‘భడ భడ’మంటుంది. ఇంకేముంది, సైలెన్సర్‌కు చిల్లు పడింది!

అక్కణ్నుంచి ఇంట్లో రెండు పార్టీలు. ‘కంపెనీదే వేద్దాం’ అంటాడు నాన్న. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా, గట్టిగా మోగేది వేద్దాం’ అంటాడు కొడుకు. ఎవరి మాట నెగ్గాలో తేలాలంటే ముందు ఆ గొట్టంలో ఏముందో తెలియాలి.

గొట్టం కాదు... గదుల ఇల్లు!

ఇంజిన్‌లో పెట్రోలు మండిన ప్రతిసారీ ఒక చిన్న పేలుడే. ఒకే సిలిండరున్న నాలుగు స్ట్రోకుల ఇంజిన్ నిమిషానికి నాలుగువేల చుట్లు తిరిగితే, అందులో రెండువేల పేలుళ్లు జరుగుతాయి. ఆ వేడి వాయువులు నేరుగా బయటికొస్తే చెవులు చిల్లులు పడాల్సిందే. అందుకే వాటిని సైలెన్సర్‌లోకి పంపుతారు. లోపల చిన్న చిన్న గదులు, వాటి మధ్య చిల్లుల గొట్టాలు ఉంటాయి. శబ్ద తరంగాలు గోడలకు తగిలి వెనక్కొస్తూ, ఎదురొచ్చే తరంగాలతో ఢీకొని ఒకదాన్నొకటి అణచుకుంటాయి. కొన్నింటిలో శబ్దాన్ని పీల్చుకునే గాజుపీచు కూడా కూరుతారు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజిన్ మఫ్లర్‌కు పేటెంటు పొందారు.

ఇప్పటి సైలెన్సర్‌కు మరో పని కూడా ఉంది. చాలా బైకుల్లో దాని లోపలో, దానికి ముందున్న గొట్టంలోనో కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ లాంటివాటిని అది చాలావరకు హాని తక్కువ వాయువులుగా మారుస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 బండ్లలో ఆక్సిజన్ సెన్సర్ కూడా తోడైంది. కాబట్టి మోగే గొట్టం తగిలించడమంటే, చాలాసార్లు ఈ వడపోతను తీసి పారేయడమే!

నీళ్లే శత్రువు

సైలెన్సర్‌ను తినేసేది వాన నీరొక్కటే కాదు. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూరం వెళ్లినప్పుడు గొట్టం బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. రోజూ పాలకేంద్రం దాకా, బడి దాకా వెళ్లొచ్చే బండిలో మాత్రం అది లోపలే నీరై నిలుస్తుంది. అందుకే పైన క్రోమ్ మెరుస్తున్నా లోపల్నుంచి తుప్పు తింటూ వస్తుంది. కిందివైపు సన్నని రంధ్రం ఉంటే, అది నీళ్లు కారిపోవడానికి పెట్టింది. చిల్లు పడిందనుకుని దాన్ని మూసేయకండి.

సీటుతో పనేంటి?

కింద ఉండే సైలెన్సర్ మార్చడానికి పైనున్న సీటు తీయడమెందుకన్న అనుమానం సహజమే. చాలా బండ్లలో పానాల సంచీ, బ్యాటరీ ఉండేది సీటు కిందో సైడ్ కవర్ వెనకో. కొన్ని మోడళ్లలో సెన్సర్ వైరు, సైలెన్సర్ వెనక బోల్టు సీటు తీస్తేగానీ అందవు.

బండి తిప్పి ఆపిన వెంటనే పని మొదలెట్టొద్దు. సైలెన్సర్ పూర్తిగా చల్లారాలి. చదునైన చోట సెంటర్ స్టాండు వేసి, పక్కన ఓ గిన్నె పెట్టుకోండి. తీసిన ప్రతి నట్టూ అందులోకే పోవాలి. విప్పేముందు ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుంటే, ఏది ఎక్కడిదన్న తికమక ఉండదు.

సీటు కొన్నింటికి తాళంచెవితో, కొన్నింటికి రెండు బోల్టులు విప్పితే వస్తుంది. వెనక భాగం పైకెత్తి, వెనక్కి లాగితే చాలు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయాలి. సెన్సర్ ఉంటే దాని క్లిప్పు విడదీయాలి.

తొందరపడితే లేత్ షాపుకే!

అసలు ఓర్పు కావాల్సింది ఇంజిన్ దగ్గర. వంపు గొట్టాన్ని పట్టి ఉంచే నట్లు ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగాలి. ముందు బిగించే దిశలో వెంట్రుకవాసి కదిపి, ఆ తర్వాత విప్పాలి. మొరాయిస్తే బలం చూపించొద్దు. స్టడ్ విరిగి ఇంజిన్‌లో ఉండిపోతే, సైలెన్సర్ ఖర్చుకు లేత్ షాపు ఖర్చు తోడవుతుంది. అక్కడ ఆగి మెకానిక్‌ను పిలవడం ఓటమేం కాదు.

వెనక బోల్టు చివర్లో తీయాలి. అప్పుడు ఒకరు కింద చేతులుపెట్టి పట్టుకోవాలి. కొడుక్కి అప్పగించాల్సిన పని ఇదే! మెకానిక్‌లు ‘ప్యాకింగ్’ అనే రింగును తప్పనిసరిగా కొత్తది వేయాలి. పాతది లోపలే అంటుకుని ఉందేమో చూసి తీయాలి. కొత్త సైలెన్సర్ పెట్టాక నట్లన్నీ ముందు చేత్తోనే తిప్పి, ఆనక ఇంజిన్ దగ్గరివి ఒకదాని తర్వాత ఒకటిగా సమంగా, చివర్లో వెనకవీ బిగించాలి. నూనె మరకల్ని గుడ్డతో తుడవకపోతే వేడికి మాడి మచ్చలుగా మిగులుతాయి.

విప్పిన వైర్లన్నీ మళ్లీ కలిపాకే సీటు పెట్టాలి. సీటు ముందున్న నాలుక కొక్కెంలో దూరిందా, వైర్లేమైనా నలిగాయా... రెండూ చూసుకుని పైకి లాగి పరీక్షించాలి. ఆ సీటుమీద వెనక కూర్చునేది ఇంట్లోవాళ్లే మరి!

ఇంజిన్‌ను ఆరుబయటే స్టార్టు చేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ప్రాణమే తీస్తుంది. మొదట్లో కాస్త పొగ వస్తే కంగారొద్దు. ఇంజిన్ దగ్గర ‘ఫుట్ ఫుట్’మంటే మాత్రం గాలి లీకవుతున్నట్టే. కొన్నాళ్లు తిప్పాక, బండి చల్లారినప్పుడు నట్లు మరోసారి బిగించాలి. వారంటీలో ఉన్న కొత్త బండైతే ఈ పని షోరూమ్‌కే వదిలేయడం మంచిది.

ఇంతకీ ఎవరు నెగ్గాలి?

చట్టం నాన్న పక్షమే. మనదేశంలో 80 నుంచి 175 సీసీ బైకులకు తయారీ సమయంలో శబ్ద పరిమితి 77 డెసిబెల్స్, అంతకు మించిన వాటికి 80. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. ఇళ్లున్న ప్రాంతాల్లో రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండితో తొలిసారి పట్టుబడితే 3 నెలల దాకా జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా... లేదంటే రెండూ. లైసెన్సు కూడా 3 నెలలపాటు చెల్లదు.

చట్టం సంగతి అలా ఉంచినా, వీధిలో ఎవరింట్లోనో ఉయ్యాల్లో పసిపాప ఉంటుంది, మంచంమీద గుండెజబ్బు తాతయ్య ఉంటాడు, తెల్లారితే పరీక్ష రాయాల్సిన అమ్మాయి ఉంటుంది. అర్ధరాత్రి దూసుకెళ్లే ఒక్క బండి చాలు, వాళ్లందరి నిద్రా చెడగొట్టడానికి.

అందుకే ఆదివారం పూట తండ్రీకొడుకులు కలిసి నట్లు విప్పాల్సిందే, చేతులకు మసి పూసుకోవాల్సిందే. సాయంత్రానికి బండి మళ్లీ మునుపటిలా ‘డుగు డుగు’మంటూ మలుపు తిరిగితే... అమ్మమ్మ లేచి గడియ తీస్తుంది. పక్కింటి పాప మాత్రం నిద్ర లేవదు!